ముప్పైనాలుగో ఫోటో

పోయినేడు ఎండాకాలం నేను తీసిన ఫోటోలు ముప్పై ఆరు. మా బావకు పంపినవి ముప్పై అయిదు.

బావ అంటే నా మొగుడే, కరుణాకర్. మాది మేనరికం. వాళ్ల నాయన హనుమండ్లు మా అమ్మకు తోడబుట్టిన అన్న. నేను ఆయన్ని మామ అని పిలిచింది పెళ్లయినప్పటి నుంచి కాదు, నోటికి మాటలొచ్చినప్పటి నుంచి. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని ఎక్కణ్నుంచో వచ్చిన కోడలు చేసి ఉంటే నలుగురూ ఏదో ఒక మాట అనుకొని వదిలేసేవాళ్లు. నాకు ఆ వీలు కూడా లేదు.

మాది చొప్పదండి పక్కన పల్లె. బావ తొమ్మిదేళ్లుగా దుబాయ్‌లో ఏసీలు బాగుచేసే కంపెనీలో ఉన్నాడు. పోకముందు కరీంనగర్‌లో ఇబ్రాహీం చాచా ఫోటో స్టూడియోలో రీళ్లు కడిగేవాడు. పొట్టకూటికి దేశం దాటాడు గానీ ఆ పిచ్చి మాత్రం ఒంట్లోంచి దిగలేదు. పోయినేడు జనవరిలో సెలవు మీద వచ్చినప్పుడు బీరువా అడుగున ఉన్న పాత కెమెరా తీసి, తుడిచి, నాకు తీయడం నేర్పాడు. నేర్పాడు అనేకంటే తిట్టాడు అంటే సరిపోతుంది. పోయేటప్పుడు ఒక నలుపు తెలుపు రీలు చేతిలో పెట్టాడు.

"ఫోన్ల తీసినట్టు టకటక తీసుడు గాదు. దీంట్ల ముప్పై ఆరే ఉంటయి. సోంచాయించి తియ్యి. నేను మన ఎండకాలం జూడక తొమ్మిదేండ్లాయె. మొత్తం నాకు పంపాలె."

"మంచిగొచ్చినయి ఏరి పంపుత తియ్యి."

"ఏరుడు గీరుడు వద్దు. చెడిపోయింది గూడ పంపు. రీలంటే వరుస. నడుమ ఒక్కటి లేకున్నా నాకు తెలుస్తది, నంబర్లుంటయి."

దసరాకు కాంట్రాక్టు అయిపోతుంది, ఇక మళ్లీ పోనని నా నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పాడు. స్టూడియో చూసుకొమ్మని ఇబ్రాహీం చాచా ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. మా ఎనిమిదేళ్ల కాపురంలో ఇద్దరం ఒక కప్పు కింద ఉన్న నెలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే దసరా అనే మాట నాకు పండగ పేరులా వినిపించేది కాదు. మా బావ రాకకు అదొక పేరు, అంతే.

ఉగాది పోయిన మూడో రోజు పొద్దున మామ చాయ్ గిలాస ఎత్తుకోబోతే చెయ్యి లేవలేదు. కరీంనగర్ దవాఖానాలో ఆరు రోజులున్నాం. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది, మూతి కుడివైపుకు జారింది. కుడికన్ను సగమే తెరుచుకునేది. మంచం మీద తెలివి రాగానే ముద్ద ముద్దగా ఆయన అన్న మొదటి మాట ఇదీ.

"పోరనికి చెప్పకుండ్రి."

మా దిక్కు గల్ఫ్‌కు పోయినోళ్ల ఇళ్లలో ఇది కొత్త కాదు. ఇక్కడ ఇల్లు కూలినా ఫోన్‌లో మాత్రం "అందరం మంచిగున్నం" అనే అంటాం. అక్కడివాళ్లూ అంతే, వేలు తెగినా చెప్పరు. దూరమున్న మనిషిని పరేషాన్ చేయొద్దని మంచికే మొదలుపెట్టి ఉంటారు ఎవరో. నేనూ మంచికే మొదలుపెట్టాను.

వీడియో కాల్ వచ్చినప్పుడు మామను గోడవైపు తిప్పి కూచోబెట్టి ఎడమచెంప మాత్రమే చూపించేదాన్ని. మాట ముద్దగా ఎందుకుందని బావ అడిగితే, పళ్లు తీయించుకున్నాడని చెప్పాను. మా బిడ్డ నర్మదకు ఆరేళ్లు. అది ఎక్కడ బయటపెడుతుందోనని ఫోన్ మోగగానే పక్కింటికి తరిమేదాన్ని. కెమెరా పట్టుకున్నా అదే తంతు. వడ్లు ఎండబోసిన కల్లం తీశాను. మామిడికాయలు కొడుతుంటే తీశాను. నీళ్ల డ్రమ్ములో దిగి పళ్లికిలించిన నర్మదను తీశాను. మామను తీసిన ప్రతిసారీ పక్కకు తిరగమన్నాను.

"ఏందే, నా ఎడమ చెంప అంత అందంగున్నదా?" అనేవాడు మామ.

"నీ అందం సంగతి మా అత్తకెరుక. నువ్వు కిటికీ దిక్కు జూడు మామా."

అత్త పోయి పదేళ్లయింది. ఆ మాటకు సగం మూతితోనే నవ్వేవాడు.

ఏప్రిల్ నెలాఖరున ఒక మధ్యాహ్నం మామ మంగలి బాలమల్లును పిలిపించుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు, మీసం కత్తిరించుకున్నాడు. తెల్లంగి తొడగమన్నాడు. చేతిని అంగీలోకి ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది. తర్వాత కుర్చీ పందిట్లో వేయించుకొని కూచున్నాడు.

"డబ్బా దే. ఫోటో తియ్యి," అన్నాడు.

నేను కెమెరా తెచ్చి, అలవాటు కొద్దీ ఎడమపక్కకు వెళ్లి నిలబడ్డాను.

"గటు గాదు. ఎదురుంగ."

"మామా..."

"ఎదురుంగ రా బిడ్డా. మొఖం మొత్తం పడాలె."

నాకప్పుడు అర్థమైంది. అయినా అర్థం కానట్టే నిలబడ్డాను. ఆయన ఊపిరి తీసుకొని, ఒక్కో మాటా కూడబలుక్కొని చెప్పాడు.

"చెప్పద్దన్నది నేనే. ఇప్పుడు రమ్మని నా నోటితోని ఎట్లంటనే? ఫోన్ల జూపిస్తే గప్పుడే ఏడుస్తడు, వాన్ని జూసి నేను ఏడుస్త. గిది నీ రీలుల బెట్టి పంపు. వాడు రీలును పానంగ జూస్తడు. నడుమ నా మొఖం కనవడ్తది. ఏం చెప్పకు. వానికే సమజైతది."

"దసరాకు మొత్తానికే వస్తుండు గద మామా."

"దసరాకు వాడొస్తడు బిడ్డా. అప్పటిదాక నేనుంటనా, అది చెప్పు."

ఎదురుగా నిలబడి తీశాను. ఆయన కెమెరాను కాదు, కొడుకునే చూస్తున్నట్టు చూశాడు. నంబరు చూస్తే ముప్పైనాలుగు. మిగిలిన రెండూ నర్మదవీ కోళ్లవీ తీసి రీలు పూర్తి చేయమని ఆయనే తొందరపెట్టాడు.

మర్నాడు బస్సెక్కి కరీంనగర్ పోయాను. ఇబ్రాహీం చాచా రీలు తీసుకొని నాలుగు రోజుల తర్వాత రమ్మన్నాడు. కలర్ రీళ్లయితే ఆయన హైదరాబాద్ పంపిస్తాడు, నలుపు తెలుపువి మాత్రం ఇంకా వెనక గదిలో తనే కడుగుతాడు. నాలుగు రోజుల తర్వాత పోతే రీలును ఆరు ఆరు ముక్కలు చేసి కవరులో పెట్టి ఉంచాడు. ఫోటోలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఒక్కొక్కటీ చూపిస్తూ తప్పులు పట్టాడు. ఇక్కడ వెలుగు ఎక్కువైంది, అక్కడ చెయ్యి వణికింది. ముప్పైనాలుగు దగ్గర ఆగిపోయాడు.

"మిగిలినవన్ని ఫోటోలు బేటీ. గిది మాత్రం మనిషి," అన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "హనుమండ్లుకు గిట్లైందని కరుణాకర్‌కు ఎరుకేనా?"

"ఎరుకే చాచా."

"అయితే నేనే పంపిస్త తియ్యి వానికి."

"వద్దు వద్దు. నా ఫోన్‌ల ఎయ్యుండ్రి. నేనే పంపుత."

ఎంత తేలిగ్గా వచ్చాయో ఆ మాటలు! ముందే కంఠతా పట్టి పెట్టుకున్నట్టు వచ్చాయి.

తిరుగు బస్సులో కిటికీ పక్క కూచొని ఆ ఫోటో చూశాను. జారిన మూతి, సగం మూసుకున్న కన్ను, ఒళ్లో పడి ఉన్న కుడిచెయ్యి. ఆ సగం కంటితోనే ఎంత అడగాలో అంతా అడుగుతున్నాడు. ఇది చూస్తే బావ ఉన్నపళాన బయలుదేరతాడు. మధ్యలో వదిలేసి వస్తే కంపెనీ మళ్లీ రానివ్వదు, రావలసింది ఇవ్వదు. స్టూడియో మాట అటకెక్కుతుంది. మళ్లీ ఏజెంటు, మళ్లీ కొత్త వీసా, మళ్లీ రెండేళ్లు, నాలుగేళ్లు. డాక్టరేమో వ్యాయామం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో కోలుకుంటాడన్నాడు. దసరా ఎంత దూరముంది? అయిదు నెలలు. ఇలా ఒక్కొక్కటీ పేర్చుకుంటూ పోయాను. అదంతా భయమని నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు, ఆశ. నా మొగుడు నాకు కావాలన్న ఆశ. దానికి మామ ఫోటో అడ్డొచ్చింది.

బస్సు చొప్పదండి చేరేలోపు ముప్పై అయిదు ఫోటోలు పంపేశాను.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. మనిషి గాలిలో తేలుతున్నాడు. కల్లం ఫోటో చూసి కడుపు నిండిందన్నాడు. నర్మద పళ్లు ఎప్పుడు ఊడాయని అడిగాడు. తర్వాత అడిగాడు.

"ముప్పైనాలుగు ఏదే?"

"కదిలింది."

"కదిలింది గూడ పంపుమన్న గద."

"చాచా స్కానే చెయ్యలే. మొత్తం మసకగున్నదన్నడు."

"సరే పోనియి," అన్నాడు. అడిగినంతసేపు కూడా అనుమానపడలేదు. నన్ను నమ్మడం ఆయనకు ఊపిరి పీల్చినంత అలవాటు.

ఇంట్లో మామ ఎదురుచూపు మొదలైంది. పంపావా అని ఒక్కసారే అడిగాడు, పంపానన్నాను. ఆ తర్వాత అడగలేదు గానీ బండి చప్పుడైతే చాలు దర్వాజా వైపు చూసేవాడు. వాన కోసం చూసే రైతు కూడా అంతగా చూడడు.

నాలుగైదు రోజులకు బావ ఫోన్ వచ్చింది. పనిచేసే చోట సిగ్నల్ సరిగా లేదని మామూలు కాల్ చేశాడు. మామ ఫోన్ ఇవ్వమని సైగ చేశాడు. చేత్తో పట్టుకోలేడు కదా, స్పీకర్ పెట్టి నేనే మూతి దగ్గర పట్టుకున్నాను.

"ఫోటోలు జూసినవా కొడుకా?"

"జూసిన బాపూ. మస్తున్నయి."

మామ మూతిని ఫోన్‌కు ఇంకా దగ్గరగా తెచ్చాడు. అవతల ఏదో మిషను చప్పుడు.

"అన్ని జూసినవా?"

"అన్ని జూసిన బాపూ. ఒక్కొక్కటి రొండు రొండు సార్లు జూసిన. ఎండకాలం మొత్తం నా కండ్ల ముంగటికొచ్చింది. నువ్వు మందులేసుకుంటున్నవా? తింటున్నవా?"

"తింటున్న బిడ్డా. పైలం."

ఇక చాలన్నట్టు తల తిప్పుకున్నాడు. నేను ఫోన్ పట్టుకొని అలాగే నిలబడ్డాను. ఒక్క మాట చాలు. బావా, ఒకటి నువ్వు చూడలేదు అంటే చాలు. నేను అనలేదు. అవతల ఎవరో పిలిచారు, బావ పెట్టేశాడు.

"పనిల ఉన్నడు పాపం," అన్నాడు మామ నాతో. నన్నే ఓదారుస్తున్నట్టు అన్నాడు.

ఆ రోజు నుంచి దర్వాజా వైపు చూడడం మానేశాడు. వీడియో కాల్ వస్తే "నా మొఖం జూసేదేమున్నది" అని అటు తిరిగి పడుకునేవాడు. పంపుదామని ఎన్నిసార్లు ఫోన్ తీశానో! ఇప్పుడు పంపితే ఇన్నాళ్లూ ఎందుకు పంపలేదని అడుగుతాడు. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఇంకోటి, దాన్ని కాపాడటానికి మరోటి. రేపు, ఎల్లుండి అంటూ రోహిణి కార్తె వచ్చేసింది. ఆ కార్తెలో రెండోసారి వచ్చిన పక్షవాతం మామను దవాఖానా దాకా కూడా పోనివ్వలేదు.

ఐసుపెట్టెలో పెట్టి బావ కోసం ఆపాం. తెల్లారి మధ్యాహ్నానికి దిగాడు. పెట్టె మీద పడి ఏడ్చి, ఏడ్చి, అద్దంలోంచి తండ్రి ముఖం చూసి ఆగాడు.

"బాపు మూతి గిట్లెందుకున్నది?"

ఉగాదికి వచ్చిందని చెప్పాను. చెప్పొద్దన్నాడని చెప్పాను. ఆ రెండూ నిజాలే.

మూడో రోజు చుట్టాలు కూచున్నప్పుడు ఎవరో లీవు సంగతి అడిగారు.

"అడగంగనే ఇచ్చిండ్రు," అన్నాడు బావ. "మా మేనేజర్ మంచోడు. తండ్రికి బాగ లేదన్నా ఇస్తుండె. పోయి మల్ల రా అంటుండె. జెర్ర ఎరుకైతే నెల కిందనే వస్తుంటి."

అయిదు నెలల దసరా కోసం, లేని అడ్డాన్ని ఉందనుకొని, ఒక మనిషి ఆఖరి కోరికను నేను ఫోన్‌లో దాచుకున్నాను. కనీసం బావను అడిగి కూడా చూడలేదు.

అంతలోనే బావ అందరి ముందూ అన్నాడు. "మా మంజుల లేకుంటే బాపుకు గీమాత్రం గూడ జరగకపోవు. బాపు చెప్పద్దన్నడు, కడుపుల పెట్టుకున్నది. మా బాపు ధైర్యం జూడుండ్రి, గంత బాధల గూడ ఒక్కసారన్న నన్ను రమ్మనలే."

అందరూ నన్ను మెచ్చుకుంటూ చూశారు. మా మేనత్త నా తల నిమిరింది. దొంగకు తేలు కుట్టినట్టు కూచున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున బావ వాకిట్లో కూచొని ఫోన్‌లో ఫోటోలు వెతుకుతున్నాడు. దినాలకు దండ వేయడానికి మామ ఫోటో పెద్దది చేయించాలి. ఆధార్ కార్డుది చేయించమని ఎవరో అంటే, దాంట్లో బాపు పోలీసులు పట్టుకున్నోని లెక్కున్నడని కొట్టేశాడు. పాతవన్నీ పెళ్లిళ్లలో గుంపుగా దిగినవే.

"నీ రీలుల ఒక్కటన్న ఎదురుంగ లేదేందే? అన్నిట్ల కిటికీ దిక్కే జూస్తుండు." మళ్లీ వేలితో వరుసగా జరుపుతూ పోయి ఆగాడు. "ముప్పైనాలుగు కదిలిందంటివి గద, అది బాపుదేనా?"

నేను చీపురుతో ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాను.

"జర కదిలినా ఫరక్ లేదు. చాచాకు చెప్తే సాఫ్ జేస్తడు. పొయ్యి జూసొస్త." బండి తాళం తీసుకొని లేచాడు.

"బావా."

"ఏంది?"

"అది కదలలే. మంచిగనే వచ్చింది."

చీపురు కింద పెట్టి, ఫోన్ తీసి, ఫోటో తెరిచి చేతికిచ్చాను. బావ మొదట పెద్దది చేసి చూడబోయాడు. రెండు వేళ్లూ అద్దం మీదికి తెచ్చి మళ్లీ వెనక్కు తీసుకున్నాడు. మెల్లగా అరుగు మీద కూచున్నాడు.

"గిదెప్పుడు తీసినవ్?"

"ఏప్రిల్ ఆఖర్న."

"ఎందుకు పంపలే?"

"నువ్వొస్తవని."

ఆయనకు అర్థం కాలేదు. లేదా అర్థం చేసుకోవడం ఇష్టం లేదు. నాకు దారి తనే చూపించాడు.

"బాపు వద్దన్నడా? పంపద్దన్నడా?"

ఔనంటే అయిపోయేది. మామ తిరిగొచ్చి కాదనడు. ధైర్యవంతుడైన తండ్రిని తలుచుకుంటూ బావ విమానం ఎక్కేవాడు, నేను మంచి కోడలిగా మిగిలేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది ఆ ఔను.

"లే బావా. పంపుమనే తీపిచ్చుకున్నడు. గడ్డం గీకిచ్చుకొని, తెల్లంగి ఏసుకొని తీపిచ్చుకున్నడు. నోటితోని రమ్మనలేక. గిది జూస్తే నువ్వే వస్తవన్నడు. పంపిన్నని నేను అబద్ధం జెప్పిన. దసరా దాక ఉంటే మొత్తానికే వస్తవని..."

బావ తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నా మాటలు వింటున్నట్టే లేడు. ఎక్కడో ఇంకో మాట వింటున్నాడు.

"నాకు ఫోన్ల అడిగిండు," అన్నాడు. "ఫోటోలు జూసినవా కొడుకా అన్నడు."

"ఆఁ."

"అన్ని జూసినవా అని మల్లడిగిండు. అన్ని జూసిన అన్న నేను. రొండు రొండు సార్లు జూసిన్నని చెప్పిన మంజులా."

తెలుసు. ఆ రోజు స్పీకర్ పెట్టి మామ మూతి దగ్గర ఫోన్ పట్టుకున్నది నేనే.